అడగని ఇల్లు

మా ఇంట్లో ఎవరు ఎవర్నైనా ఏమైనా అడగొచ్చు. ఎందుకు లావయ్యావని అడగొచ్చు, ఆ చీర ఎంత పెట్టి కొన్నావని అడగొచ్చు, మా అమ్మాయి ప్రణవిని జుట్టుకి ఆ ఊదారంగేమిటని అడిగి నాలుగు మాటలు పడొచ్చు. చెప్పులేసుకుని గడప దాటుతున్న మనిషిని మాత్రం "ఎక్కడికి?" అని అడగకూడదు. ఈ చట్టం పెట్టింది నేనే. దేశం కాని దేశంలో, టాంపినీస్‌లో పదకొండో అంతస్తు, కిటికీలోంచి చూస్తే మూడు నిమిషాలకో రైలు. ఇక్కడ కూర్చుని ఇదేం శకునాల పిచ్చి అని నవ్వుకుంటే నవ్వుకోండి. నాకు ఏడేళ్ళప్పుడు, సైకిలు బయటికి తీస్తున్న మా నాన్నని "ఎక్కడికి నాన్నా?" అని అడిగాను. మా బామ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నా మూతి మీద ఒక్కటేసింది. నాన్న నవ్వి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. రేపల్లె రోడ్డు మీద లారీ గుద్దేసింది. నలభై ఆరేళ్ళయింది. ఆ తర్వాత ఆ మాట నా నోట మళ్ళీ రాలేదు. బ్యాంకులో పాతికేళ్ళుగా కిందివాళ్ళనీ పైవాళ్ళనీ ప్రశ్నలతో హడలగొడుతున్న దాన్ని, ఈ ఒక్క ప్రశ్న దగ్గర నాలుక పడిపోతుంది.

రెండేళ్ళ క్రితం మా అత్తగారు బాలనాగమ్మ మంచాన పడితే, ఆవిణ్ణి చూసుకోవడానికి ఏజెన్సీ వాళ్ళు సల్మియాని పంపారు. ముప్ఫై మూడేళ్ళు, పొట్టి మనిషి, ఎప్పుడూ నీలం రంగు స్కార్ఫ్. ఇండోనేషియాలో ఎక్కడో చిన్న దీవి. ఆమె మాటలన్నీ మీకు తెలుగులోనే చెబుతున్నాను గానీ, అసలు మాట్లాడింది సగం ఇంగ్లీషు, సగం మలాయ్, మధ్యలో మా అత్తగారి దగ్గర పట్టుకున్న "అబ్బా", "అయ్యో", "ఇటు తిరుగు".

వచ్చిన మూడో రోజు పొద్దున మావారు కేశవరావు ఆఫీసుకి బయల్దేరుతున్నారు. సల్మియా వంటింటి గుమ్మంలోంచి ఒళ్ళంతా నవ్వుతో, "సార్, ఎక్కడికి?" అంది. నా చేతిలో గరిట జారిపోయింది. ఆయన అక్కడే సోఫాలో కూలబడ్డారు. మంచినీళ్ళిచ్చాను, పది నిమిషాలు కూర్చోబెట్టాను, మళ్ళీ పంపాను. ఆ మధ్యాహ్నమే ఆయన కంపెనీలో ముప్ఫై మందిని తీసేశారు. అందులో ఈయనొకరు. లోపల మంచం మీంచి మా అత్తగారు ఆ పిల్ల నోట్లో శనేశ్వరుడున్నాడని ఒకటే గోల. నాకు పీకలదాకా కోపం వచ్చింది. సల్మియాని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడగరు, నువ్వూ అడగకు అని.

"నన్ను కూడా ఎవరూ అడగరా, మేడమ్?"

"ఎవరూ అడగరు. ఆదివారం నీ సెలవు. ఎక్కడికైనా వెళ్ళు, నీ ఇష్టం."

ఆ మాట అన్నందుకు నా మీద నాకే గౌరవం కలిగిందంటే నమ్మండి. మిగతా ఇళ్ళల్లో పనివాళ్ళని ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావని పోలీసుల్లా ఆరా తీస్తారు. నేనట్లా కాదు. ఎదురింటి లతతో కూడా గొప్పగా చెప్పుకున్నాను. ఆ మాట చెప్పినప్పుడు సల్మియా మొహంలో రంగు దిగిపోవడం చూశాను. తిట్లు పడ్డందుకేమో అనుకున్నాను.

ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆమె చిన్న సంచీ భుజానికి తగిలించుకుని తలుపు దగ్గర నిలబడేది. చెప్పులేసుకునేది. మళ్ళీ నిలబడేది. నా వైపు చూసేది, సోఫాలో పేపరు చదువుతున్న మావారి వైపు చూసేది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఏమైనా కావాలా అంటే తల అడ్డంగా ఊపేది. తర్వాత తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయేది. వింత మనిషి అనుకుని ఊరుకున్నాను.

వింతేమీ కాదు. మా అత్తగారి కాళ్ళు పిసుకుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేది. నేను పక్క గదిలో ఆఫీసు పని చేసుకుంటూ వినేదాన్ని. ఆ ఊరు మ్యాపులో దొరకలేదు. ప్రణవి ఫోనులో వెతికి వెతికి, నీలం రంగు తప్ప ఏమీ లేదంది. ఇక్కణ్ణుంచి ఫెర్రీలో రెండు గంటలు పోతే తంజుంగ్ పినాంగ్. అక్కడ పదిహేను రోజులకొకటి బయల్దేరే ఓడెక్కి రెండు రోజులు పోతే ఒక పెద్ద దీవి. అక్కణ్ణుంచి మోటారు పడవలో మరో మూడు గంటలు. అదే వాళ్ళ దీవి, పులావ్ కెలామ్. నేల మీద కొబ్బరి చెట్లూ సమాధులూ. ఇళ్ళన్నీ నీళ్ళ మీద, కర్ర స్తంభాల మీద. ఇళ్ళ మధ్య ఒకటే చెక్కల బాట, దాని చివర పడవల రేవు. ఆ రేవు చివర నిలబడితేనే ఫోను పలుకుతుంది. కరెంటు సాయంత్రం నాలుగు గంటలు. బడి ఆరో తరగతి దాకా. నీళ్ళల్లో వలల బోనులు కట్టి పెంచే చేపల్ని కొనుక్కుపోయే పెద్ద పడవ నాలుగేళ్ళుగా రావడం మానేసింది. దాంతో మొగవాళ్ళు బాతామ్ దీవిలో ఫ్యాక్టరీలకి పోయారు. ఆడవాళ్ళు ఇటు వచ్చారు. సల్మియా మొగుడు బాతామ్‌లోనే ఇంకో సంసారం పెట్టుకున్నాడు.

ఆమెకి ఒక కూతురు, పన్నెండేళ్ళది. పేరు మెలాతి. మల్లెపువ్వట. "మన మాలతేనే!" అని మా అత్తగారు మురిసిపోయింది. ఈ జూన్‌తో ఆ పిల్లకి ఆరో తరగతి అయిపోతుంది. జూలైలో పెద్ద దీవిలోని బడిలో చేర్చాలి. తల్లి వచ్చి చేర్చకపోతే, పిల్లని పెట్టుకున్న సల్మియా అక్క దాన్ని బాతామ్‌లో ఎవరింటికో పనికి పంపేస్తుంది. పంపేస్తానని ముందే చెప్పేసింది కూడా. అందుకని సల్మియా జూన్ ఆఖరు ఓడ అందుకోవాలి. పెద్ద దీవిలో ఒక గది చూసుకుని, చేప అప్పడాలు చేసి అమ్ముతూ, పిల్లని చదివించాలి. మెలాతి నర్సవ్వాలి, నర్సై ఆ ఊరికే తిరిగి రావాలి. ఆమెకి ఇంకో ఆశ లేదు. ఓడ తేదీ మా వంటింటి క్యాలెండర్లో ఎర్రగా చుట్టి పెట్టుకుంది.

వచ్చిన ఎనిమిదో నెలలో మా అత్తగారు పోయింది. ఆవిణ్ణి ఇంట్లోంచి తీసుకెళ్తుంటే సల్మియా హడావిడిగా లోపల తలుపులన్నీ మూసేసింది, కిటికీలు కూడా. మా ఏడుపులో మేముండి పట్టించుకోలేదు. అందరం దిగిపోయాక, ఆఖర్న నేను తాళం తీసుకుంటుంటే, నా మొహంలోకి చూసి, "నేనెక్‌ని ఎవరూ అడగలేదు. అంతే కదా మేడమ్, ఇలాంటప్పుడు అడగకూడదు," అంది. నేనెక్ అంటే అమ్మమ్మ. ఏమంటోందో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు.

ఇంటి పనికి సల్మియా అలవాటైపోయింది కదా అని, కాంట్రాక్టు అయ్యేదాకా ఉండమన్నాను. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ రోజుకి వందసార్లు "సల్మియా!" అని అరిచేది. ఆ అరుపులు ఆగిపోయాక మొదలైంది.

మొదట తలుపులు. మా ఇంటి దగ్గర మాల్‌లో, మనిషి దగ్గరికి రాగానే తెరుచుకునే అద్దం తలుపులుంటాయి కదా. సల్మియా సామాన్ల బండి తోసుకుంటూ నా ముందు నడుస్తోంది. తలుపు తెరుచుకోలేదు. ఆమె ఆగి, ఓపిగ్గా నిలబడింది. నేను వెళ్ళాక తెరుచుకుంది. తలుపు పాడైందని సెక్యూరిటీ అతన్ని నాలుగు దులిపి వచ్చాను. తర్వాత బస్సులు. ఆమె చెయ్యెత్తినా ఆగట్లేదని చెప్పింది. చెయ్యి సరిగ్గా ఎత్తమన్నాను. హాకర్ సెంటర్లో వరసలో ముందు నిలబడ్డా, వెనకవాళ్ళకి అన్నం పెట్టి పంపేస్తున్నారంది. గట్టిగా అడగడం నేర్చుకోమన్నాను. నా దగ్గర అన్నిటికీ జవాబులుండేవి.

ఫిబ్రవరిలో ఒకరోజు కారిడార్లో లత ఆపింది.

"హైమావతి గారూ, మీ హెల్పర్ ఊరెళ్ళిపోయిందా? నెలరోజులుగా కనపడట్లేదు. కొత్తమ్మాయి కావాలంటే మా ఏజెన్సీ నంబరిస్తా."

సల్మియా మాకు మూడడుగుల దూరంలో మా తులసికుండీకి నీళ్ళు పోస్తోంది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. లత ఆ వైపే చూస్తూ మాట్లాడుతోంది. వేళాకోళమేమో అనుకుని నవ్వాను. లత నవ్వలేదు. సల్మియా తల వంచుకుని చెంబు పట్టుకుని లోపలికి పోయింది.

అప్పట్నుంచి కళ్ళు తెరిచి చూశాను. ప్రణవి భోజనాల బల్ల మీద మూడు కంచాలే పెడుతోంది. మావారు సల్మియా వంటింట్లో ఉండగానే లైటు ఆపేస్తున్నారు. ఒక పొద్దున ఆమె చేత్తో ఇచ్చిన కాఫీ అందుకుని, తాగుతూ, "ఎవరు పెట్టారోయ్, బావుంది. అవునుగానీ, పనికి ఎవర్నైనా చూడకూడదూ? ఇల్లంతా నువ్వే చేసుకుంటున్నావు," అన్నారు. ఆయనకి కొత్త ఉద్యోగం ఉంది, మతి ఉంది, చక్కగా ఉన్నారు. ఆయనకి ఆమె లేదు, అంతే.

ఇక నా సంగతి. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఇంట్లోంచే పనిచేస్తూ, "సల్మియా!" అని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. లేచి బాత్రూమూ, బాల్కనీ, అన్నీ చూశాను. ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి వెళ్ళి సింకులోంచి గ్లాసు తీసుకుని నీళ్ళు పట్టుకుని తాగాను. తాగుతుంటే ఎదురుగా నీలం స్కార్ఫ్ కనిపించింది. ఆమె సింకు దగ్గరే నిలబడి గిన్నెలు తోముతోంది. నేను గ్లాసు తీసింది ఆమె రెండు చేతుల మధ్యలోంచి.

"ఇక్కడే ఉన్నాను, మేడమ్," అంది. "పిలిచినప్పుడల్లా పలికాను."

ఆమె చెయ్యి పట్టుకోబోయి, భయమేసి, కుర్చీ పట్టుకున్నాను. కూర్చోమన్నాను. ఏమిటిదంతా, చెప్పమన్నాను. కోపంగానే అడిగాను. భయమేస్తే నాకు వచ్చేది కోపమే.

ఆమె తడిచేతులు తుడుచుకుని, బల్ల మీద వేలితో ఒక గీత గీసింది. అది వాళ్ళ ఊరి చెక్కల బాట. పడవెక్కాలంటే ప్రతివాళ్ళూ అన్ని ఇళ్ళ ముందు నుంచీ నడిచి పోవాల్సిందే. ప్రతి ఇంట్లోంచీ అడుగుతారు, ఎక్కడికి అని. వలకనో, పెద్ద దీవికనో, ఊరికే అటు అనో చెప్పాలి. చెప్పింది నిజం కాకపోయినా ఫర్వాలేదు. అడగడం ముఖ్యం. మనిషి ఎక్కడికి పోతున్నాడో ఒక ఇంటికి తెలిసుండాలి. అప్పుడే సముద్రం వాణ్ణి మనిషిగా లెక్కేస్తుంది. ఎవరైనా చచ్చిపోతే మాత్రం, శవాన్ని ఆ బాట మీద తీసుకెళ్ళేటప్పుడు అందరూ తలుపులు మూసేసుకుంటారు. ఎవరూ అడగరు. అడిగితే శవం జవాబు చెప్పడానికి లేస్తుంది. అడగకుండా పంపేది శవాన్నొక్కదాన్నే.

"నేను ఇటు వచ్చేరోజు నలభై ఒక్క ఇళ్ళు అడిగాయి, మేడమ్. ఇప్పుడు మా ఊళ్ళో తెరిచుండే తలుపులు పదిహేడేనట. అడిగేవాళ్ళే మిగల్లేదు. అయినా పదిహేడున్నాయి." ఆ గీత మీద మళ్ళీ వేలు పెట్టింది. "ఈ ఇంటి గడప దాటి రెండేళ్ళు. రోజుకి ఒకసారి, రెండుసార్లు. ఒక్కసారి కూడా..."

"మరి చెప్పొచ్చు కదా!" అని అరిచాను.

"అడగమని అడగకూడదు, మేడమ్. అడగమని అడిగితే అది లెక్కలోకి రాదు. ఇప్పుడు మీరు ఏమిటని అడిగారు కాబట్టి చెప్పాను."

కిందటి వారం వీడియో కాల్‌లో మెలాతి, "అమ్మా, కెమెరా పెట్టు," అందట. కెమెరా పెట్టే ఉంది. పిల్ల చాలాసేపు ఖాళీ గోడని చూసి ఏడ్చిందట. సల్మియా భయం ఒకటే. ఇలాగే ఊరికి పోతే ఆ చెక్కల బాట మీద తనని ఎవరూ చూడరు. పిల్ల చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళేవాళ్ళుండరు.

మూఢనమ్మకమని కొట్టిపారేద్దామంటే, గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆ ఆదివారం ఆమె తలుపు దగ్గర నిలబడింది. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నోరు తెరిచాను. మా నాన్న సైకిలు గంట వినిపించింది. నిజంగా వినిపించిందనే చెబుతున్నాను. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. మావైపు పెద్దవాళ్ళు ఎక్కడికి అనడానికి బదులు ఎందాకా అంటారు, దోషం లేకుండా. ఆ తెలివి ఉపయోగించి, "ఎందాకా?" అన్నాను. ఆమె దయగా నవ్వి, తల అడ్డంగా ఊపింది. అది దూరాన్ని అడగడం, మనిషిని కాదు అంది. ఆమెకి తేడా ఎలా తెలిసిందో నాకు తెలీదు.

పోనీ ప్రణవి చేత అడిగిద్దామనుకున్నాను. దానికి శకునాల గొడవే లేదు. తర్వాతి ఆదివారం పిలిచి, సల్మియా బయటికి వెళ్తోంది, ఎక్కడికో అడుగు అన్నాను.

"సల్మియా ఆంటీనా? ఆవిడ ఎప్పుడో వెళ్ళిపోయింది కదా. అమ్మా, ఆర్ యూ ఓకే?"

"అడగవే తల్లీ!"

"ఓకే లా, ఓకే," అని, అది చెప్పుల స్టాండు వైపు తిరిగి, "ఆంటీ, వేర్ ఆర్ యూ గోయింగ్?" అంది. సల్మియా గదికి ఇటు మూల నిలబడి ఉంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ప్రణవిని కొట్టాలనిపించింది, నన్ను నేను కొట్టుకోవాలనిపించింది. చూడగలిగే మనిషే అడగాలి. మా ఇంట్లో ఇంకా చూస్తున్నది నేనొక్కదాన్నే, అదీ ఆ నీలం స్కార్ఫ్‌ని పట్టుకుని.

జూన్ ఇరవై ఆరు. ఇద్దరం టాక్సీలో ఫెర్రీ టెర్మినల్‌కి వెళ్ళాం. డ్రైవరు నన్నొక్కదాన్నే ఎక్కించుకున్నాడని అతని మాటల్ని బట్టి తెలుస్తూనే ఉంది. పొద్దున తొమ్మిది కావస్తోంది. హాలు ఖాళీగా ఉంది. గోల్ఫ్ సంచీలతో నలుగురు మొగవాళ్ళు, ఒక చైనీస్ ముసలాయన, గేటు దగ్గర యూనిఫాంలో ఒకామె. అంతే. ఆ ఫెర్రీ తప్పితే తంజుంగ్ పినాంగ్‌లో ఓడ తప్పుతుంది. మళ్ళీ ఓడ పదిహేను రోజులకి. అప్పటికి మెలాతి బాతామ్‌లో ఎవరి గిన్నెలో తోముతుంటుంది.

సల్మియా నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. వద్దన్నాను. గేటు దగ్గరికి వెళ్ళి బోర్డింగ్ పాసు ఆ గాజు మీద పెట్టింది. రెక్కలు తెరుచుకోలేదు. మళ్ళీ పెట్టింది. యూనిఫాం ఆమె సల్మియా లోంచి వెనకకి చూసి, "నెక్స్ట్," అంది. గోల్ఫ్ సంచీల వాళ్ళు ఒక్కొక్కరే ఆమె పక్క నుంచి వెళ్ళిపోయారు. ముసలాయన వెళ్ళిపోయాడు. సల్మియా మూడోసారి పెట్టింది. ఆఖరి పిలుపని మైకులో చెప్పారు.

ఆమె నా వైపు తిరగలేదు. అడగమని అడగకూడదు కాబట్టి తిరగలేదు. నన్ను చంపింది అదే.

అడిగితే? సముద్రం మీద పోయే మనిషి. అడిగి మా నాన్నని చంపాను. ఇప్పుడు అడిగి ఈమెని కూడా చంపుతానా? అడక్కపోతే ఇదిగో, నా కళ్ళముందే లేకుండా పోతోంది. ఆమె భుజం మీదుగా గోడ మీది గడియారం కనిపిస్తోంది, భుజంలోంచి కూడా కనిపిస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఏ దేవుణ్ణీ తల్చుకోలేదు. నాన్నా, నన్ను క్షమించు అనుకున్నాను.

"సల్మియా! ఎక్కడికే?"

నా అరుపు హాలంతా మోగింది. "ఎక్కడికే నువ్వు వెళ్ళేది?"

ఆమె గిరుక్కున తిరిగింది. నెలల తర్వాత ఆమె మొహం మొత్తంగా చూశాను. పెదవి పక్కన పుట్టుమచ్చ ఉందని అప్పటిదాకా నాకు గుర్తే లేదు.

"ఊరికి, మేడమ్!" అని ఆమె కూడా అరిచింది. "పులావ్ కెలామ్‌కి! మెలాతి దగ్గరికి!"

యూనిఫాం ఆమె ఉలిక్కిపడింది. "ఐయో, సిస్టర్, ఎప్పుడొచ్చావు? వై స్టాండ్ హియర్ ఓన్లీ? ఫాస్ట్ లా, ఫాస్ట్!" అని సల్మియాని కసిరింది. ఎవరైనా ఎవర్నైనా కసురుతుంటే అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. గేటు తెరుచుకుంది. నీలం స్కార్ఫ్ లోపలికి పరిగెత్తింది.

మీరు కంగారు పడకండి, సల్మియా చేరింది. ఇరవై మూడు రోజుల తర్వాత ఫోటో వచ్చింది. తెల్లచొక్కా, నీలం లంగాలో మెలాతి, పక్కన భుజం మీద చెయ్యేసి తల్లి. ఆ ఇరవై మూడు రోజులూ నేను అన్నం సరిగ్గా తిన్లేదు. అది వేరే సంగతి. ఆ రోజు అక్కడితో అయిపోలేదు. అది చెప్పాలి.

గేటు మూసుకున్నాక వెనక్కి తిరిగాను. హాలు ఖాళీగా లేదు.

కుర్చీల్లో, స్తంభాల దగ్గర, గోడవారగా, నిండా ఆడవాళ్ళు. నలభైమందో యాభైమందో. పక్కన టేపు చుట్టిన అట్టపెట్టెలు. అందరూ నా వైపే చూస్తున్నారు. కొందరు నిన్ననో మొన్ననో వచ్చినట్టున్నారు. ఒకామె చేతిలో ఎప్పటిదో బటన్ల ఫోను. ఒకామె పెట్టె మీది టేపు పసుపుపచ్చగా మారి ఊడి వేలాడుతోంది. ఎవరిళ్ళల్లోనూ ఎవరూ అడగలేదేమో. నేను అడిగిన ప్రశ్న అందరికీ వినిపించింది. ముందు వరసలో ఆమె లేచి ఒక ఊరి పేరు చెప్పింది. తర్వాత ఇంకొకామె. తర్వాత అందరూ ఒకేసారి. నాకు తెలియని ఊళ్ళు, దీవులు, కొండల పేర్లు, పిల్లల పేర్లు. చెప్పినవాళ్ళు చెప్పినట్టే పెట్టెలెత్తుకుని గేటు వైపు నడిచారు. ఇంతమంది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారని యూనిఫాం ఆమె గొణుగుతోంది. నేను మాత్రం, వినిపించనివాళ్ళు ఉన్నారేమోనని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగాను. "నువ్వెక్కడికమ్మా? నువ్వెక్కడికి?" నా గొంతు బొంగురుపోయింది.

ఆఖరికి ఒక్క అమ్మాయి మిగిలింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. రెండు జడలు. ఒళ్ళో చిన్న సంచీ. ఎక్కడికమ్మా అంటే నోరు తెరిచింది, మూసింది. చేతిలో టికెట్టు చూసుకుంది. దాని మీద అక్షరాలు ఎప్పుడో పోయాయి. ఆమెకి ఊరి పేరు గుర్తు రావట్లేదు.

పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"పోనీ, ఎవరింటి నుంచి వచ్చావో చెప్పు. వాళ్ళని కనుక్కుంటాను," అన్నాను.

ఆమె నా మొహంలోకి ఆశగా చూసి, చాలా మెల్లగా, ఎవరినో నిద్రలేపకూడదన్నట్టు, తెలుగులో అడిగింది.

"పాప పడుకుందా, మేడమ్?"

ప్రణవికి ఇప్పుడు ఇరవై ఏళ్ళు. దానికి రెండేళ్ళు వచ్చేదాకా మా ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది. ప్రణవి ఆమె ఒళ్ళో తప్ప పడుకునేది కాదు. కాంట్రాక్టు అయిపోయిందని ఒక ఆదివారం పంపేశాను. బట్టలు పెట్టి, స్వీట్లు పెట్టి, తలుపు దాకా వెళ్ళి, చట్టం తప్పకుండా పంపాను.

ఆమె పేరు నాకు గుర్తు రాలేదు. ఏ ఊరో ఆ రెండేళ్ళల్లో నేను అడగలేదు. ఆమె నా చెయ్యి వదలకుండా, నేను చెబుతానని ఎదురుచూస్తోంది.